ఎడమవైపు వాపు, ఎక్కని కొండ

పెళ్ళాం దగ్గర గుట్టు దాచగల మగాడు కొరియాలో మా గున్సాన్ ఊళ్ళో ఇంకా పుట్టలేదు. నేను పుట్టాననుకున్నాను, అదీ నా తెలివి.

కాసేపు నిలబడితే చాలు, ఎడమ వృషణం బరువుగా లాగేది. తడిమితే వానపాముల ముద్దలా నరాలు. కేన్సరేనని ఖాయం చేసుకున్నాను. పైగా మాకు పిల్లల్లేరు. మా అత్తగారు మూడేళ్ళుగా మా ఆవిడ నాంహీ చేత నల్లటి చేదు కషాయం తాగిస్తోంది. లోపం నాదేమోనని తల్చుకుంటేనే గుండె జారిపోయేది.

ఓ ఆదివారం, మగాళ్ళంతా బట్టల్లేకుండా స్నానం చేసే ఊరి స్నానశాలలో మామగారి వీపు రుద్దుతున్నాను. ఆయన పక్క తొట్టిలోని ముసలాయనతో, "మగాళ్ళ జబ్బులకి స్టేషన్ ఎదురు డాక్టర్ బ్యాంగ్ హస్తవాసి మంచిది!" అని ఊరంతా వినపడేలా అరిచారు. దేవుడే పలికించాడనుకుని గుట్టుగా అక్కడికి పరిగెత్తాను.

"కేన్సర్ కాదు, వెరికోసీల్," అన్నాడు డాక్టర్ బ్యాంగ్, పరీక్షలన్నీ చేయించాక. "సిరల్లో రక్తం నిలిచి ఉబ్బాయి. చాలామందికి ఏమీ చేయక్కర్లేదు. నొప్పుంటే పట్టి ఉంచే లోదుస్తులు వేసుకోమంటాం. మీకు వీర్యకణాలు తక్కువ, పిల్లలు కావాలి. చిన్న కోత పెట్టి ఆ సిరలు కట్టేయొచ్చు. లేదా సన్నటి గొట్టం పంపి లోపల్నుంచే మూసేయొచ్చు."

"పిల్లలు పుడతారా?"

"అవకాశం పెరుగుతుంది. హామీ ఇవ్వను."

ప్రాణం లేచొచ్చింది. కోతకే ఒప్పుకున్నాను. ఇంట్లో మాత్రం, "మా ఆఫీసు మేనేజరు అందర్నీ కొండెక్కిస్తున్నాడు, రెండ్రోజులు రాను," అన్నాను.

"అయ్యో పాపం," అంటూ నాంహీ బూట్ల లేసులు తనే కట్టి, చేతికర్ర ఇచ్చి మరీ సాగనంపింది.

ఆ కర్రతో ఆసుపత్రిలో అడుగుపెడితే, ఎదురుగా బెంచీ మీద మామగారు! పక్కనే వదులు పైజామా మడతపెట్టుకుని నాంహీ.

"శిఖరం ఎంత దూరమండీ?" అంది. "మీ మేనేజరు కాలు విరిగి మంచమెక్కాడని వాళ్ళావిడ మొన్నే చెప్పింది."

"స్నానశాలలో నాకు కళ్ళుండవా అల్లుడూ?" అన్నారు మామగారు. "నాకూ ఇదే ఉండేది. అందుకేగా డాక్టరు పేరు గొంతు చించుకుని అరిచింది!"

సిగ్గుతో చచ్చాను. అయినా గుండెల మీంచి బండ దించినట్టయింది.

"కోపం లేదూ?" అన్నాను నాంహీతో మెల్లిగా.

"ఉంది. మీరొక్కళ్ళే భయపడినందుకు."

ఆపరేషను చల్లగా అయింది. ఇంటికొచ్చి నడుం వాల్చానో లేదో, నాంహీ గిన్నెతో వచ్చింది. అదే నల్లటి కషాయం.

"ఇదేం అక్కర్లేదన్నాడుగా డాక్టరు!"

"నాకూ అక్కర్లేదనే అన్నారు. మూడేళ్ళు తాగలేదూ? అమ్మ ఇంకో కుండ కాస్తోంది. ముక్కు మూసుకోండి."

తాగాను. దీనికన్నా ఆ కొండెక్కడమే నయం.