తొట్టి వచ్చిన ఇల్లు

బుధవారం ఉదయం టీ తాగుతూ అథోల్ ప్రిడ్‌మోర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. లారీ మీద వచ్చే పెద్ద ఇనుప చెత్త తొట్టి ఒకటి అద్దెకు తెప్పించాలి. పెరటి షెడ్డులో ఉన్నదంతా అందులో పారేయాలి. శనివారం భార్య వచ్చి చూసేసరికి షెడ్డు ఖాళీగా ఉండాలి. బల్లరాట్ ఊరి రైల్వే వర్క్‌షాపులో జీవితమంతా ఇంజన్లు బాగుచేసిన మనిషికి ఈ పథకంలో ఎక్కడా పొరపాటుకు చోటు కనిపించలేదు.

ఆ షెడ్డు కారు కోసం కట్టింది. కారు మాత్రం అందులో ఏనాడూ అడుగుపెట్టలేదు. గడ్డి కోయని గడ్డికోత యంత్రాలు, సిమెంటు కలపని సిమెంటు యంత్రం, ఏ గుమ్మానికీ చెందని తలుపులు, పాదాలు ఊడిన స్నానపు తొట్టి అందులో కాపురముండేవి. "ఎప్పుడైనా పనికొస్తుంది" అన్నది అథోల్ జీవితంలో రుజువు కోరకుండా నమ్మిన ఏకైక సిద్ధాంతం. సోమవారం వడగళ్ళు పడ్డాయి. వీధిలో నిలిపిన అతని భార్య నోరీన్ కొత్త కారు పైకప్పు ఇడ్లీ రేకులా గుంటలు పడింది. మంగళవారం ఉదయం ఆమె పెట్టె సర్దుకుంది.

"నీ షెడ్డులో నా కారు పట్టిన రోజే ఈ ఇంట్లో నేను పట్టేది. శనివారం వచ్చి చూస్తాను. పట్టకపోతే మిగిలిన బట్టలు పట్టుకుపోవడానికే వచ్చాననుకో" అని చెప్పి, అదే కారులో జిలాంగ్‌లోని అక్క ఇంటికి వెళ్ళిపోయింది. నోరీన్ బెదిరించే రకం కాదు. అథోల్ భయానికి కారణం అదే.

తొట్టి తెచ్చిన లారీ డ్రైవరు దాన్ని ఇంటి ముందు పచ్చికపై దించి, ఒకే ఒక్క నియమం చెప్పాడు. "అంచు దాటి ఒక్క పుల్ల పైకి లేచినా నేను ఎత్తను పెద్దాయనా."

"నా సామాను సగానికి కూడా రాదయ్యా."

"మీ సామాను గురించి కాదు నేను చెప్పేది" అని డ్రైవరు వీధిని ఆ చివరి నుంచి ఈ చివరి దాకా ఒకసారి చూసి వెళ్ళిపోయాడు.

ఎదురింటి బెవ్ తన కిటికీ తెర వెనుక నుంచి తొట్టిని పరిశీలించింది. ఆ ఊళ్ళో ఇంటి ముందు తొట్టి దిగిందంటే కారణాలు మూడే ఉంటాయి: మరమ్మతు, విడాకులు, చావు. పెంకులు రాలేదు, రంగుల డబ్బాలు రాలేదు, కనుక మరమ్మతు కాదు. డెబ్బై దాటినవాళ్ళు విడాకులు తీసుకోవడం ఆమె వినలేదు, కనుక అదీ కాదు. ఇక మిగిలింది ఒకటే. బెవ్ అనుసరించిన పద్ధతిలో ఏ తర్కశాస్త్రజ్ఞుడూ తప్పు పట్టలేడు. సత్యానికి మాత్రం ఆ పద్ధతితో పరిచయం లేదు. అయినా ఆమె తొందరపడలేదు. విచారించి నిర్ధారించుకోవడానికి వీధి దాటి వచ్చింది.

"నోరీన్ కనబడ్డం లేదేంటి, అథోల్?"

భార్య అలిగి పోయిందని చెప్పుకోవడం అథోల్‌కు నామోషీ. అబద్ధం చెప్పడం అలవాటు లేదు. ఈ రెంటికీ మధ్య అతనికి దొరికినవి కొద్దిపాటి మాటలే.

"వెళ్ళిపోయింది."

"అయ్యయ్యో! ఎప్పుడు?"

"నిన్న పొద్దున."

"ఇప్పుడు... ఎక్కడ?"

"జిలాంగ్‌లో. వాళ్ళక్క పక్కనే. అక్కడైతేనే తనకి మనశ్శాంతి అంది."

నోరీన్‌కు ఇద్దరు అక్కలు. బెవ్ ఎరిగినది పెద్దక్కను మాత్రమే. ఆవిడ ఏనాడో పోయి జిలాంగ్ శ్మశానంలో ఉంది. రెండో అక్క బతికే ఉందని బెవ్‌కు తెలియదు. ఆ సంగతి చెప్పవలసిన అవసరం అథోల్‌కు తోచలేదు.

"చాలా బాధపడిందా పాపం?"

"నాతోనా? పెళ్ళయిన దగ్గర్నుంచీ పడుతూనే ఉంది."

బెవ్ కళ్ళు తుడుచుకుని, అతని మోచేతిని ఒకసారి నొక్కి వెళ్ళిపోయింది. అక్కడి మర్యాద ప్రకారం దుఃఖంలో ఉన్న మగవాణ్ణి అంతకుమించి ప్రశ్నించకూడదు. అతని గుమ్మం ముందు వంటకం పెట్టి వెనుదిరగాలి.

సాయంత్రానికి గుమ్మంలో బెవ్ వండిన గొర్రెమాంసం, బంగాళాదుంపల పళ్ళెం ఉంది. మర్నాడు పక్కింటి డీనో భార్య పంపిన లజానియా వచ్చింది. ఆ తర్వాత వీధిలో ఎవరెవరో పులుసులు, పైలు, గుడ్డు సాండ్‌విచ్‌లు పెట్టి పోయారు. అందరికీ తెలిసిపోయిందని అథోల్ అర్థం చేసుకున్నాడు. పెళ్ళాం వదిలేసి పోయిన మగవాడికి వంట రాదు కదా అని జాలిపడుతున్నారని సిగ్గుపడ్డాడు, సిగ్గుపడుతూనే తిన్నాడు. డీనో స్వయంగా వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. ముప్పై ఏళ్ళుగా ఒకే కంచెకు చెరోవైపు బతికినవాళ్ళు.

"గుండె దిటవు చేసుకోరా. మన చేతుల్లో ఏముంది?"

"నా చేతుల్లోనే ఉందిరా. ఆ షెడ్డు ఎప్పుడో ఖాళీ చేసుంటే ఇంతదాకా వచ్చేది కాదు."

"అలా నిన్ను నువ్వు తిట్టుకోకు. షెడ్డువల్ల ఎవరూ పోరు."

"పోతార్రా. నోరీన్ పోయిందిగా. సర్లే, శనివారం వస్తుంది."

డీనో చెయ్యి అతని భుజం మీదే బిగుసుకుపోయింది. "వస్తుందా? ఎలా?"

"ఎలా ఏంటి? కార్లో."

జిలాంగ్‌లో దహనం చేసి చితాభస్మం తెస్తారు కాబోలని డీనో అనుకున్నాడు. దాని గురించి ఇంత నిబ్బరంగా మాట్లాడిన మనిషిని అతను అంతకుముందు చూడలేదు. "శనివారం మేమంతా నీ పక్కన నిలబడతాం. నువ్వొక్కడివే ఎదుర్కోవడమేంటి!" అన్నాడు. నోరీన్‌ను ఒంటరిగా ఎదుర్కోవడం ఎంత కష్టమో తెలిసిన అథోల్ కృతజ్ఞతతో తల ఊపాడు.

ఈలోగా అతను షెడ్డులోంచి ఒక్కొక్కటే మోసుకొచ్చి తొట్టిలో వేస్తున్నాడు. సిమెంటు యంత్రాన్ని వేసే ముందు కాసేపు నిమిరాడు. మొదటి జీతంతో కొన్న గడ్డికోత యంత్రం దగ్గర పచ్చికమీద కూలబడి వెక్కివెక్కి ఏడ్చాడు. తెరల వెనుక వీధి వీధంతా కళ్ళు ఒత్తుకుంది.

"దుఃఖంలో పారేసినవాళ్ళు తర్వాత దుఃఖం తీరాక కుమిలిపోతారు" అంది బెవ్. "మా అన్నయ్య, వదిన పోయిన వారంలోనే పియానో తగలబెట్టాడు. ఇప్పటికీ వేళ్ళతో బల్లమీద వాయిస్తుంటాడు. అథోల్‌ని అలా కానివ్వకూడదు."

సంతాపపు వంటలు బరువైనవి. మధ్యాహ్నం భోజనం కాగానే అథోల్ నిద్రపోయేవాడు. ఆ సమయంలో పొరుగువాళ్ళు చప్పుడు కాకుండా తొట్టిలోని సామాను తీసి డీనో గ్యారేజీలో దాచసాగారు. అయితే తీసినకొద్దీ తొట్టి ఖాళీ అవుతుంది. ఖాళీ తొట్టిని చూస్తే ఆ దేశంలో ఎంతటి ధర్మాత్ముడికైనా ఇంట్లోని పాత పరుపు గుర్తుకొస్తుంది. పైగా తొట్టి ఉన్నట్టుండి ఖాళీగా కనిపిస్తే అథోల్‌కు అనుమానం రాదా? కనుక కరుణతోనే డీనో తన పరుపు వేశాడు. కరుణతోనే బెవ్ తన తివాచీ వేసింది. మిగిలినవాళ్ళ కరుణ కూడా తక్కువది కాదు. నిద్ర లేచిన అథోల్ పైన కనిపించిన పరుపును చూసి "దొంగ వెధవలు" అని గొణుక్కుని, కిందనున్నది తన సామానే అన్న నమ్మకంతో లోపలికి పోయేవాడు.

శనివారం ఉదయం షెడ్డు ఖాళీ. అథోల్ నేల ఊడ్చి, కారు పట్టే చోటును టేపుతో కొలిచి, తృప్తిపడి, నోరీన్‌కు ఇష్టమైన కస్టర్డ్ కేకు ముక్కలు కొనడానికి బేకరీకి నడిచి వెళ్ళాడు. అతను మలుపు తిరగగానే డీనో గ్యారేజీ తలుపు తెరుచుకుంది.

తిరిగి వచ్చేసరికి పచ్చికమీద వీధి జనమంతా నల్ల దుస్తులలో నిలబడి ఉన్నారు. షెడ్డు తలుపు మూసి ఉంది. మగవాళ్ళు టోపీలు తీసి చేత పట్టుకున్నారు. పెళ్ళాం తిరిగి రావడానికి ఇంత లాంఛనం ఎక్కువేమోనని అథోల్ అనుకున్నాడే గాని, పైకి అనలేదు. అంతలో గుంటల కారు వచ్చి ఆగింది. అందరూ తలలు వంచారు. నోరీన్ దిగింది.

అందరూ తలలెత్తి ఆమెను చూశారు. బెవ్ డీనో చెయ్యి పట్టుకుని నెమ్మదిగా పచ్చికమీద కూర్చుంది.

"ఎవరు పోయారు?" అంది నోరీన్.

ఆమెకు జవాబు కోసం ఆగే తీరిక లేదు. తిన్నగా పెరట్లోకి నడిచి షెడ్డు తలుపు లాగింది. సిమెంటు యంత్రం, తలుపులు, స్నానపు తొట్టి, గడ్డికోత యంత్రాలు అన్నీ ఉన్నాయి. దుమ్ము దులిపి వరుసగా పేర్చి ఉన్నాయి. స్నానపు తొట్టికి ఎవరో పాదాలు కూడా అతికించారు.

"పొద్దున ఖాళీగానే ఉంది, నోరీన్" అన్నాడు అథోల్, చేతిలో కేకుల పెట్టెతో.

"పైకెళ్ళి నా బట్టలు సర్దుకుంటాను."

"ఆగవే నోరీన్!" అంటూ బెవ్ వెనకాలే పరుగెత్తుకొచ్చింది. "అతను అబద్ధం ఆడట్లేదు. అన్నీ పారేశాడు. మేమే తెచ్చి పెట్టాం."

"ఎందుకు?"

"నువ్వు చచ్చిపోయావని."

నోరీన్ ఆ వాక్యాన్ని కొంతసేపు పరిశీలించింది. "ఏమే బెవ్, నేను చచ్చానని నీకు చెప్పిందెవరు?"

"ఎవరూ చెప్పలేదు. అందరం అర్థం చేసుకున్నాం."

"సిమెంటు యంత్రం కూడా పారేశాడా?"

"నా కళ్ళతో చూశాను. నిమిరి మరీ వేశాడు."

"నీకోసం ఎంత ఏడ్చాడనుకున్నావ్, నోరీన్!" అన్నాడు డీనో. "ఆ పచ్చికమీద కూలబడి, చిన్నపిల్లాడిలా!"

నోరీన్ భర్తవైపు తిరిగింది. "నాకోసమా?"

అథోల్ కేకుల పెట్టెను ఒక చేతిలోంచి మరో చేతిలోకి మార్చుకున్నాడు. ఎదురుగా వీధి వీధంతా అతనికి అనుకూలంగా సాక్ష్యం చెబుతోంది. ఒక్కసారి అవునంటే చాలు.

"అది... గడ్డికోత యంత్రం దగ్గర" అన్నాడు.

బెవ్ కళ్ళు మూసుకుంది. కాని ఆ ఒక్క జవాబుతో నోరీన్‌కు ఉన్న అనుమానం తీరిపోయింది. తనకోసం ఏడ్చానని అతను అని ఉంటే తక్కిన మాటలు కూడా నమ్మేది కాదు. యంత్రం కోసం ఏడ్చాడంటే, దాన్ని నిజంగానే పారేశాడన్నమాట. ఆమె అతని చేతిలోంచి కేకుల పెట్టె అందుకుంది.

అప్పుడే లారీ వచ్చింది. డ్రైవరు తొట్టిని చూసి కిందికి దిగనే లేదు. "అంచు దాటింది. ఎత్తను. ఆ పరుపెవరిది?"

ఎవరిదీ కాదు. తివాచీ కూడా ఎవరిదీ కాదు.

"డీనో, ఆ పరుపుమీద పూలు మీ ఇంట్లో నేను చూశాను" అంది నోరీన్. "బెవ్, నీ తివాచీమీద టీ ఒలకబోసింది నేనే. ముందు మీవి దించండి. తర్వాత షెడ్డులోవి తెచ్చి పడేయండి. మీరు పెట్టినవే కదా, దారి తెలుసు."

నల్ల దుస్తులలో, తలలు దించుకుని, పరుపులు భుజాలకెత్తుకుని ఆ వీధి జనం వరుసగా ఎవరి ఇళ్ళకు వాళ్ళు నడిచారు. పొద్దున వాళ్ళు సిద్ధపడి వచ్చిన ఊరేగింపు ఏ లోపమూ లేకుండా జరిగింది. ఆ తర్వాత తిరిగి వచ్చి, సిమెంటు యంత్రం మొదలుకొని స్నానపు తొట్టి దాకా అన్నీ మోసి చెత్త తొట్టిలో వేశారు. లారీ కదిలేటప్పుడు అథోల్ అటు చూడలేదు. గుంటల కారు మొట్టమొదటిసారి షెడ్డులోకి వెళ్ళింది. రెండు వైపులా చోటు ఉంది.

సాయంత్రం ఇద్దరూ మిగిలిన వంటలు వేడిచేసుకుని తిన్నారు. పోయినవాళ్ళ పేర వండిన దానిలో ఉప్పు తగ్గిందని పోయిన మనిషే చెప్పడం ఆ వీధిలో అదే మొదటిసారి.