తోకున్న సబ్బుబిళ్ళ

ఒక పెద్ద అడవిలో, ఎంత పెద్దదంటే ఈ చివర తాత తుమ్మితే ఆ చివర నుంచి "చిరంజీవ" వినబడేసరికి మనవడికి మీసాలొచ్చేవి, అంత పెద్ద అడవిలో, నీటి వంతుల కచేరీ ఒకటుండేది. నేనందులో సభ్యుణ్ణి. తాబేలునే, కాదనను. కానీ ఆ రోజుల్లో నా పరుగు చూసి లేళ్ళు సిగ్గుతో పొదల్లో దూరేవి. నమ్మకపోతే వెళ్ళి చూడండి, ఇప్పటికీ పొదల్లోనే ఉంటాయి.

కచేరీలో ఒక కంప్యూటరు. తెర మీద తన వంతు కనబడితే తప్ప ఎవరూ మడుగులో మూతి పెట్టకూడదని సింహంగారి ఉత్తర్వు. దాని ముందు కూర్చునే గుమాస్తా చుంచెలుక బుల్లెమ్మ. తోకున్న సబ్బుబిళ్ళలాంటిది ఒకటి బల్ల మీద అటూ ఇటూ జరిపేది, తెర మీద బాణం కదిలేది. దాని అసలు పేరేమిటో ఎవరికీ తెలీదు. సబ్బుబిళ్ళ అనేవాళ్ళం.

ఒక ఎండాకాలం పొద్దున బాణం కదలనంది. మడుగు నిండా నీళ్ళు. గట్టు నిండా నాలుకలు వేలాడేసిన జంతువులు. ఒక్కటీ తాగదు.

"ఏం చేశావే బుల్లెమ్మా?" సింహంగారు గర్జించారు.

"నేనేం చెయ్యలేదు మహాప్రభో. కార్యదర్శిగారు కుర్చీ జరిపారు, అంతలోనే..."

"కుర్చీ జరిపితే కంప్యూటరు చస్తుందా?" అంది కార్యదర్శి నక్క. "నెట్‌లో వెతుకుదాం మహారాజా. అక్కడ మందు లేని జబ్బు లేదు."

కోతి దగ్గర ఫోనుంది. కొమ్మ నుంచి కొమ్మకి దూకినట్టు సైటు నుంచి సైటుకి దూకింది. ఒకటి కొత్త కంప్యూటరు కొనుక్కోమంది. ఇంకోదాంట్లో ఒక కప్ప, "మిత్రులారా, ముందు గంట గుర్తు నొక్కండి" అని మధ్యాహ్నం దాకా బెకబెకలాడుతూనే ఉంది. చివరికొక పేజీ దొరికింది. ఏదో పరాయి దేశపు భాషలో ఉన్నదాన్ని ఫోనే తెనిగించి పెట్టింది.

కోతి చదివింది: "బాణం కదలనిచో ఎలుకను తొలగించండి. కొత్త ఎలుకను తెచ్చుకోండి."

బుల్లెమ్మ చేతులు జోడించింది. "అయ్యా, నా పిల్లలింకా కళ్ళు తెరవలేదు. ఈ బల్ల సొరుగులోనే ఉన్నారు. వాళ్ళని పట్టుకుని ఎక్కడికి పోను?"

"నేనన్నానా తల్లీ? నెట్ అంది," అంది నక్క. దాని మీసాల్లో పండగ. ఆ కుర్చీ మీద దాని కన్ను ఎప్పట్నుంచో ఉంది. "అదృష్టం కొద్దీ మా బావమరిది గుండప్ప ఖాళీగానే ఉన్నాడు."

గుండప్ప వచ్చింది. పందికొక్కు! నక్కకి బావమరిది ఏ వరసనయ్యిందో ఆ దేవుడికే తెలియాలి.

"ఇది ఎలుకేమిటయ్యా?" అన్నాను.

"పెద్ద సైజు ఎలుక తాతా. కొత్త మోడలు. ధాన్యపు కొట్టులో పనిచేసిన అనుభవం కూడా ఉంది."

"ఆ కొట్టేదీ ఇప్పుడు?" అంది ఓ ఉడుత.

నక్క వినిపించుకోలేదు. బుల్లెమ్మ సొరుగు ముందు చేతులడ్డం పెట్టుకు నిలబడింది. గుండప్ప దాని కుర్చీ నింపేసింది.

కోతి ఇంకో వాక్యం చదివింది: "కొత్త ఎలుక తోకను వెనుకనున్న రంధ్రములో గట్టిగా దూర్చండి."

"అది... అంత అవసరమంటారా?" నక్క నసిగింది.

"నెట్ చెప్పాక మళ్ళీ అవసరమేమిటి? దూర్చు!" అన్నారు సింహంగారు.

బంట్రోతు ఏనుగు గుండప్ప తోక పట్టుకుని దగ్గర్లో కనబడ్డ రంధ్రంలో దూర్చింది. అది కరెంటు రంధ్రం.

"బావోయ్!"

గుండప్ప ఎగిరింది చూడండీ, గద్దలు తలలొంచుకుని దారిచ్చాయి! మడుగులో పడి, అవతలి గట్టెక్కి, "ఉద్యోగమొద్దు, నువ్వూ వద్దు" అని అక్కణ్ణుంచే దండం పెట్టి ఉడాయించింది.

నేను ఫోను లాక్కున్నాను. "తాత చదివేసరికి వానాకాలం వస్తుంది" అంది కోతి. ఎక్కడ! మెరుపులా చదివాను. పొద్దు గూకింది, అంతే. "అప్పటికీ కుదరనిచో పాత ఎలుకనే తిరిగి అమర్చండి."

బుల్లెమ్మ కళ్ళు తుడుచుకుని కుర్చీ ఎక్కింది. సరిగ్గా అప్పుడే, తోక కనబడితే దూర్చడమే తన పనని ఇంకా నమ్ముతున్న ఏనుగుకి, బల్ల కింద వేలాడుతున్న సబ్బుబిళ్ళ తోక కనబడింది. ఈసారి కంప్యూటరు వెనకున్న ఓ చిన్న రంధ్రం చూసి దూర్చేసింది.

బాణం కదిలింది!

"చూశారా! పాత ఎలుక కూర్చోగానే బాగైపోయింది!" అడవంతా కేరింతలు. బుల్లెమ్మకి శాశ్వత నియామకం, సొరుగుతో సహా. ఏనుగు వంక చూసినవాడు లేడు. నా చదువు వల్లే కదా ఇదంతా జరిగింది!

"పేజీ అయిపోయిందా తాతా?" అడిగారు సింహంగారు.

"ఆఖరి వాక్యం ఒకటుంది మహారాజా. 'మరల ఆగిపోకుండుటకు, ఎలుక చుట్టూ ఉన్న చెత్తను ఊడ్చివేయండి.'"

సభ యావత్తూ నక్క వైపు తిరిగింది. ఏనుగు చీపురు అందుకుంది.

నీతి: నెట్‌లో మీకు నచ్చిన సలహా దొరగ్గానే చదవడం ఆపేయండి, కింది వాక్యం మీ గురించే కావచ్చు.