కిటికీ పక్కన తెలుపు

శంషాబాద్‌లో విమానాలు దిగడం మొదలైన ఏడాది అది. నెత్తి మీద విమానం మోగితే చాలు, తొండుపల్లి సక్కుబాయి పొయ్యి మీది పాలు దించి పక్కన పెట్టేది. అంత జాగ్రత్త మనిషి. కూతురు మాధవీలత తొలి కాన్పుకు వస్తుందంటే ఊరుకుంటుందా?

రంగులేసే జంగయ్య తల్లీబిడ్డలు ఉండబోయే గదిలో రెండు తెలుపులు పూసి చూపించాడు. ఒకటి కిటికీ పక్కన, ఒకటి చీకటి మూలన.

"మూలది ఎయ్యి," అన్నాడు భర్త కుర్మయ్య.

"అది పచ్చగ కొడ్తున్నది గదయ్యా!"

"అన్నంల నెయ్యి చుక్కంత. నీకు సందమామల గూడ మచ్చనే కనబడ్తది."

సక్కుబాయి భయం వేరు. కొడుకు చందు పసిగుడ్డుగా ఉన్నప్పుడు పసిరికలు, అదే కామెర్లు, అయితే పాత గది పచ్చసున్నం వెలుగులో ఎవరికీ తెలియలేదు. చావు తప్పి బతికాడు. కానీ బిడ్డ రాబోయే ఇంట్లో ఆ జబ్బు పేరు నోటితో అనకూడదు. అంటే పిలిచినట్టే.

కుర్మయ్య పొలానికి పోగానే జంగయ్యను పిలిచింది.

"తమ్మీ, కిటికీ పక్కదే ఎయ్యి. మీ బావకు తెల్వదు."

"రెండిటికి అక్కచెల్లెండ్ల పోలికనే అక్కా. నాకే తెల్వదు," అన్నాడు జంగయ్య.

మనవడు పుట్టాడు. ఇంటికొచ్చిన పూటే గదిలో పడుకోబెట్టి చూసింది సక్కుబాయి. పచ్చగా ఉన్నాడు!

చందు తన ట్యాక్సీలో దవాఖానకు తోలాడు. డాక్టరమ్మ వెలుగులో పెట్టి చూసి, "మంచిగున్నడు," అంది. ఇంటికొస్తే మళ్ళీ పచ్చన. మళ్ళీ ట్యాక్సీ.

"ఎయిర్‌పోర్టుకు గూడ ఇన్ని ట్రిప్పులు కొట్టలేదే అమ్మా!" అన్నాడు చందు.

మూడోసారి డాక్టరమ్మ బిడ్డను వదిలి సక్కుబాయిని చూసింది. "మీ ఇంట్ల గోడలు ఏం రంగమ్మా?"

ఇంటికి రాగానే ఆ మాట విన్న కుర్మయ్య గోడ మీద చెయ్యి పెట్టాడు. "నేను చెప్పింది గిది గాదు గదా?"

"కిటికీ పక్కది ఏపిచ్చిన. అదే తెల్లగుండె."

"కిటికీ పక్కకు నిలబడితే నేను గూడ తెల్లగనే ఉంట! రెండు డబ్బాలు ఎండల పెట్టి చూస్తే మూలదే తెల్లగుండె, గందుకే అది చెప్పిన. చందుగాని సంగతి నీ ఒక్కదానికే యాదున్నదా?"

"మరి నోరిప్పి చెప్పరాదా?"

"గా మాట నోట రానియ్యొద్దని ఇన్నేండ్ల సంది ఎవలు కట్టడి జేసిన్రు?"

సక్కుబాయి మనవణ్ణి ఎత్తుకుని వాకిట్లో ఎండలోకి నడిచింది. బిడ్డ మిరపపండులా ఎర్రగా ఉన్నాడు. అంతకన్నా ఎర్రగా ఉంది అమ్మమ్మ ముఖం.