దేశం బాగుపడ్డాక పెళ్లి

కాప్రా చెరువు పొంగి ఇళ్లల్లో మంచాలు తేలిన వరద వచ్చింది చూడండి, దాని మరుసటి ఏడాది జరిగిందిది. గోడల మీద నీటిచార ఇంకా పోలేదు. నూనె, పప్పు, గ్యాసు ఒకదాన్ని చూసి ఒకటి ఎగబాకుతున్నాయి. జీతాలొక్కటే కిందికి దిగుతున్నాయి.

ఆ శనివారం పొద్దున జకర్యా పెట్టుకున్న పని ఒక్కటే. కాబోయే వియ్యంకుడు రోనాల్డ్‌ను ఇంటికి పిలిచి, ఇంత అన్నం పెట్టి, కూతురు ప్రిసిల్లా పెళ్లికి అనుకున్న తారీకు ఖాయం చేసుకోవడం. తెల్లారితే ఆదివారం. గుడిలో పాస్టరుగారు పెళ్లి ప్రకటన చదవాలి. ఆ పెళ్లి అప్పటికే రెండుసార్లు ఆగింది. ఒకసారి జబ్బొచ్చి, ఒకసారి నీళ్లొచ్చి.

"డాడీ, ఇప్పుడు సుత ఆగిందనుకో, ఇగ నాకు పెళ్లే వద్దు," అంది ప్రిసిల్లా. "స్కూల్ల పిల్లలు అడుగుతున్నరు, టీచర్ మీ పెళ్లి ఎప్పుడని. ఏం చెప్పాలె?"

జకర్యా తల ఊపాడు. లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో సుత్తి దెబ్బల మధ్య బతికిన మనిషి. అక్కడ మాట్లాడినా ఎవరికీ వినబడదు కనుక మాట్లాడటం మానేశాడు. ఇంటికొస్తే రోసమ్మ ఉంది కనుక అక్కడా అవసరం పడలేదు.

భయమల్లా ఒక్కచోటే ఉంది. రోనాల్డ్ ఢిల్లీలో గద్దె మీదున్న పార్టీ మనిషి. రోసమ్మ తమ్ముడు హెన్రీ హైదరాబాదులో గద్దె మీదున్న పార్టీ మనిషి. మేనమామ లేకుండా తారీకు పెట్టుకోకూడదు. ఇద్దరినీ ఒక గదిలో కూర్చోబెడితే కుర్చీలు మిగలవు.

"దేశం మాట ఎవ్వరూ ఎత్తొద్దు. చెప్తున్న," అని రోసమ్మ తమ్ముడి చేత ఒట్టు వేయించుకుంది.

"నేనెందుకు ఎత్తుత అక్కా? నాకేం పనిలేదా?" అన్నాడు హెన్రీ.

రోనాల్డ్ తన కొడుకు, కాబోయే పెళ్లికొడుకు ఆషర్‌ను వెంటబెట్టుకుని సైనిక్‌పురి నుంచి వచ్చాడు. గుంటూరు వైపు మనిషి, మర్యాద తెలిసినవాడు. మిరపకాయ బజ్జీ కొరికి, "అమృతంలా ఉన్నాయి చెల్లెమ్మా, ఇంకో రెండు వాయిలు తీయండి," అన్నాడు.

"ఇంకో రెండు వాయిలా? అన్నయ్యా, నూనె ధర చూసిండ్రా!" అని నోరు జారి, రోసమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఒట్టు వేసింది తమ్ముడే గాని తను వేయలేదు.

"అన్నయ్యనెందుకు అడుగుతవక్కా? ఢిల్లీని అడుగు," అన్నాడు హెన్రీ గోడకేసి చూస్తూ.

"ఢిల్లీ వాళ్లు వచ్చి గానుగ తిప్పుతారేంటండీ?" అన్నాడు రోనాల్డ్ బజ్జీ కింద పెట్టి.

ఇక జకర్యాయే మాట మార్చాలి. మాటే రాని మనిషి మాటేం మారుస్తాడు? తడుముకుని, "ఉక్కగుంది. ఫ్యాను పెంచు," అన్నాడు.

"పెంచండి బావగారూ, పెంచండి. కరెంటు బిల్లు ఎవరు పెంచుతున్నారో అదీ తెలుసుకుందాం," అన్నాడు రోనాల్డ్.

జకర్యా మళ్లీ తడుముకున్నాడు. "తోవ మంచిగున్నదా, వచ్చేటప్పుడు?"

"తోవా! ఎక్కడుందండీ తోవ? వరద పోయినా గుంటలు పోలేదు. మీ హెన్రీ పార్టీ ఉన్నన్నాళ్లూ ఈ ఊరు నీళ్లలోనే. ఇక్కడ పందిరి వేస్తే నిలబడదు!"

"ఏందీ? మీ పార్టీ ఉన్నన్ని దినాలు దేశమే లేవదు! పెళ్లి కాదు, పేరంటం సుత చేయలేరు ఎవ్వరూ!" హెన్రీ లేచి నిలబడ్డాడు.

పెద్దలను చల్లబరుద్దామని ఆషర్ అడ్డం వచ్చాడు. "అంకుల్, ఇద్దరూ ఊరుకోండి. నాకు జీతం సగం కోశారు, నేనేమన్నా అరుస్తున్నానా?"

ఆ సంగతి అంతవరకు అతని తండ్రికే తెలియదు. హెన్రీ చప్పట్లు కొట్టాడు. "ఇగో, ఇంట్లనే సాక్ష్యం!" రోనాల్డ్ మొహం ఎర్రబడింది. వేలెత్తి, "మా ఇంటి సంగతి మీకెందుకు? పదరా ఆషర్! ఈ సంబంధమే..." అంటూ చెప్పుల వైపు నడిచాడు. తలుపు చాటున ప్రిసిల్లా గాజుల చప్పుడు ఆగిపోయింది.

రోసమ్మకు వేరే దారి తోచలేదు. చెంగు తల మీదికి లాక్కుని, "ప్రార్థన చేసుకుందాం!" అని కేకేసింది.

విశ్వాసుల ఇంట్లో ఆ మాట పడ్డాక ఇంకో మాట లేదు. రోనాల్డ్ ఒక కాలు చెప్పులో పెట్టి అట్లాగే కళ్లు మూశాడు. హెన్రీ తెరిచిన నోరు తెరిచినట్టే తల వంచాడు. ఆమేన్ వినబడేదాకా ఎవరూ కదలడానికి లేదు.

"నువ్వే చెయ్యి," అని రోసమ్మ భర్తను పొడిచింది. జకర్యా ప్రార్థనంటే సంఘంలో అందరికీ ఇష్టం. అన్నం చల్లారకముందే అయిపోతుంది.

"ప్రభువా, ఇచ్చినవు. వందనాలు," అన్నాడు జకర్యా. ఆమేన్ అనబోతూ ఒక కన్ను తెరిచాడు. హెన్రీ పెదవుల మీద తిట్టు సిద్ధంగా ఉంది. రోనాల్డ్ ఎత్తిన వేలు ఇంకా దించలేదు.

జకర్యా ఆమేన్ మింగేశాడు.

పాస్టరుగారి కోసం ప్రార్థించాడు. ఆయన మోకాళ్ల కోసం ప్రార్థించాడు. రైలు నడిపేవాళ్ల కోసం, ఎక్కేవాళ్ల కోసం, టికెట్టు దొరకనివాళ్ల కోసం ప్రార్థించాడు. జన్మలో మాట్లాడని మాటలన్నీ వరస కట్టి వచ్చాయి. రోసమ్మే కళ్లు తెరిచి చూసింది, ఈయనేనా అని.

అదే సమయానికి బిర్యానీ దేగ్చీ పట్టుకుని ముజీబ్ గుమ్మంలోకి వచ్చాడు. లాలాగూడలో వంటలు చేసే ముజీబ్ జకర్యాకు పాత దోస్తు కొడుకు. ప్రార్థన జరుగుతోందని చూసి, దేగ్చీ దించకుండా మర్యాదగా తల వంచి నిలబడ్డాడు. చేతి గుడ్డ పలచన, దేగ్చీ పొయ్యి మీంచి నేరుగా వచ్చింది.

"తండ్రీ, దేశం తక్లీఫ్‌ల ఉన్నది," అన్నాడు జకర్యా. "ఇల్లు అంటుకున్నప్పుడు బకెట్ ఎవనిదని అడుగుతమా? అక్కడ పెద్దోళ్లు కలవాలె. ఇక్కడ ఈ ఇద్దరు సుత కలవాలె. ఇద్దరిని ఒక్క మాట మీద నిలబెట్టు తండ్రీ."

"ఆమీన్ చాచా! ఆమీన్!" అని అరిచి ముజీబ్ దేగ్చీ కిందపడేసినంత పని చేశాడు. అందరూ ఆమేన్ అన్నారు.

రోనాల్డ్ చెప్పులోంచి కాలు తీశాడు. కళ్లు తుడుచుకున్నాడు. "హెన్రీ గారూ, బావగారు పెద్ద మాట అన్నారండీ. కష్టకాలంలో పార్టీలేంటి?"

"నిజమే అన్నా. తప్పు నాది సుత ఉన్నది."

ఇద్దరూ ఒకే పళ్లెంలో తిన్నారు. ఒకరి ముక్క ఇంకొకరికి వేసుకున్నారు. తిన్నకొద్దీ ప్రేమ ముదిరింది. చేతులు కడుక్కుని రోనాల్డ్ గొంతు సవరించాడు.

"దేశం ఇంత కష్టంలో ఉంటే మనం పందిళ్లు వేసి విందులు చేయడం న్యాయమేనా హెన్రీ గారూ?"

"ఎట్ల న్యాయమైతది అన్నా? సిగ్గుచేటు."

"పిల్లాడి జీతం కూడా సగమాయె. దేశం బాగుపడ్డాక చేద్దాం."

"బాగుపడ్డంకనే! జనానికి మనమే దారి చూపాలె."

ఇద్దరూ చేతులు కలిపారు. ఆషర్ ఏదో అనబోతే ఇద్దరూ ఒక్క గొంతుతో, "పెద్దలు మాట్లాడేటప్పుడు ఊరుకో," అన్నారు. లోపలి గది తలుపు దబ్బున పడింది.

వాళ్లు ఒకరి భుజం మీద ఒకరు చెయ్యేసుకుని గేటు దాటాక రోసమ్మ భర్త మీద పడింది. "ఒక్క మాట మీద నిలబెట్టు అన్నవు గని, ఏ మాట మీదనో చెప్పొద్దా దేవునికి? నోరు తెరవక తెరవక తెరిస్తివి, బిడ్డ కొంప ముంచితివి!"

జకర్యా ఎంగిలి పళ్లేలు ఎత్తుకుని పెరట్లోకి పోయాడు. మాట్లాడితే ఏమవుతుందో చూశాడు కదా.

మర్నాడు గుడి గంటకు చాలా ముందే లేచి, స్కూటర్ తీసి, సైనిక్‌పురి పోయాడు. రోనాల్డ్ వాకిట్లో పళ్లు తోముకుంటున్నాడు.

"హెన్రీ అన్నడు, మీ పార్టీ ఉన్నన్ని దినాలు దేశం లేవదట. పెళ్లి చేయలేరట," అన్నాడు జకర్యా.

రోనాల్డ్ నురగ ఉమ్మేశాడు. "అంత మాటన్నాడా! దేశానికేమైందండీ? రాయిలా ఉంది! ఏ పెళ్లి ఆగేది? అనుకున్న తారీకుకే!"

అక్కడి నుంచి లాలాగూడ వచ్చి హెన్రీని లేపాడు. "రోనాల్డ్ అన్నడు, మీ పార్టీ ఉన్నన్నాళ్లు ఈ ఊరు నీళ్లల్లనేనట. పందిరి నిలబడదట."

"ఎవడన్నడు? నేనే నిలబడి ఏపిస్త పందిరి! ఆ తారీకుకే! ఎట్ల నిలబడదో చూస్త!"

జకర్యా అబద్ధమాడలేదు. ప్రార్థనకు ముందు అన్నారని మాత్రం చెప్పలేదు.

గుడిలో పాస్టరుగారు ఆషర్, ప్రిసిల్లాల పెళ్లి ప్రకటన చదివి, ఎవరికైనా అభ్యంతరం ఉందా అని అడిగారు. కుడివైపు బెంచీలో రోనాల్డ్, ఎడమవైపు బెంచీలో హెన్రీ ఒకరినొకరు మింగేసేటట్టు చూసుకుంటున్నారు గాని, ఇద్దరికీ ఏ అభ్యంతరమూ లేకపోయింది.