మంత్రిగారు కుదిర్చిన చేపల రాజీ

సముద్రంలోని చేపకు ఇక భయం లేదని సముద్ర సౌభాగ్య శాఖ మంత్రి చెంగల్రాయుడుగారు రేణిగుంట విమానాశ్రయంలో ప్రకటించారు. చేపకు బతికే హక్కు ఉందని, దాన్ని పట్టుకునే హక్కు మనిషికి ఉందని, రెండు హక్కులనూ సమానంగా కాపాడటమే తమ విధానమని చెప్పారు. విలేకరులం రాసుకున్నాం. మంత్రిగారు పుట్టుకతో శాకాహారి కాబట్టి ఈ విషయంలో ఆయన నిష్పక్షపాతాన్ని ఎవరూ శంకించలేరు.

గొడవ తడ అవతల తీరంలో మొదలైంది. ఉప్పుటేరు సముద్రంలో కలిసే చోటును అక్కడివాళ్ళు మొగ అంటారు. పండుగప్ప చేపలు గుడ్లు పెట్టడానికి అక్కడికే వస్తాయి. పల్లెవాళ్ళు అక్కడే వలలు వేస్తారు. ఆదివారాలు తిరుపతి నుంచి కార్లలో వచ్చే సరదారాయుళ్ళు అక్కడే గాలాలు వేస్తారు. కొన్నాళ్ళుగా చేపలు తగ్గిపోయాయి. మీవల్లంటే మీవల్లని ఇరుపక్షాలూ వాదించుకుని, చివరికి ఒకరి వల చిరిగి, ఇంకొకరి కారు అద్దం పగిలింది. వార్త నేనే రాశాను. అది మంత్రిగారి కంటపడింది.

చేపల రక్షణకు నిబంధనలు తయారు చేయడానికి ఆయన వెంటనే చర్చా సదస్సు పెట్టించారు. సముద్రం ఒడ్డున ఏసీ లేనందువల్ల సదస్సు తిరుపతిలో ఒక శుద్ధ శాకాహార హోటల్లో జరిగింది. వేదిక వెనక ఫ్లెక్సీలో మంత్రిగారి పక్కన ఒక చేప నవ్వుతోంది. అది డాల్ఫిన్ అని, డాల్ఫిన్ చేప కాదని ఎవరో అభ్యంతరం చెప్పారు. నవ్వే చేప ఇంకేదీ దొరకలేదని శాఖవాళ్ళు వివరణ ఇచ్చారు.

గాలాల సంఘం తరఫున ఫకృద్దీన్ వచ్చాడు. బజారువీధిలో తాళాల దుకాణం. నెమ్మదస్తుడు. ఆదివారం గాలం పట్టుకుని నీళ్ళ దగ్గర కూర్చుంటే తప్ప సోమవారం దుకాణం తెరవబుద్ధి కాదంటాడు. పల్లె తరఫున మునెమ్మ వచ్చింది. వాళ్ళ మహిళా సంఘానికి ఆమె అధ్యక్షురాలు. భర్త పట్టిన చేపల్ని సూళ్ళూరుపేట మార్కెట్లో అమ్ముతుంది. బేరాల దగ్గర అరిచి అరిచి ఆమెకు మైకు అవసరం లేకుండా పోయింది.

మునెమ్మ మొదలుపెట్టింది.

"కడుపుతో ఉండే పెద్ద చేపను పడతారు. ఎత్తి పట్టుకోని ఫోటో దిగతారు. మళ్ళీ నీళ్ళలో వదిలేసినామని గొప్పగా చెప్పుకుంటారు. మరుసటిరోజు అది పొట్ట పైకి పెట్టి తేలతా ఉండాది. అది మీ ఫోటోలో కనబడదు."

ఫకృద్దీన్ లేచి, పల్లెవాళ్ళ వలకన్నులో చిటికెనవేలు కూడా దూరదని, రేపు పెద్దవి కావలసిన పిల్లలన్నీ ఎండి కోళ్ళ మేతకు పోతున్నాయని చెప్పాడు. మునెమ్మ కాదనలేదు. ఆమె చెప్పినదాన్ని అతనూ కాదనలేదు. చర్చ చాలా ఫలవంతంగా సాగుతోందని శాఖ జాయింట్ డైరెక్టర్ మునిశేఖర్‌గారు సంతోషించి, టీ విరామం ప్రకటించారు.

ఆ విరామంలోనే ప్రమాదం జరిగింది.

హోటల్ మెట్ల మీద నేను టీ తాగుతుంటే, పక్కనే ఫకృద్దీన్ మునెమ్మను ఈసారి చేప ఎలా ఉందని అడిగాడు. లేదు భాయ్, వల లాగితే జెల్లీచేపలే వస్తున్నాయని, తన భర్త పడవను ఒడ్డుకెక్కించి దాని నీడలో పడుకుంటున్నాడని ఆమె చెప్పింది. ఫకృద్దీన్ టీ కప్పు మెట్టు మీద పెట్టాడు.

"నాకు కూడా ఒక్కటీ పడలేదు అక్కా. చెయ్యి కలిసిరాలేదేమో అనుకోని గాలాలు మార్చినాను. చేపలే లేవని ఒప్పుకోవాలంటే భయమేసింది."

మునెమ్మ అతన్ని కొత్తగా చూసింది.

"గుడ్లు పెట్టే కాలమంతా మొగ కాడ మేము వల ఎయ్యం. మీరు గాలం ఎయ్యొద్దు. ఏమంటావు?"

సన్నకన్ను వలల సంగతేమిటని అతను అడిగాడు. మావాళ్ళు గొణుగుతారు, నేను చూసుకుంటానంది. టీ చల్లారకముందే ఒప్పందం అయిపోయింది.

ఈ కబురు తెలిసి మునిశేఖర్‌గారు పరుగున వచ్చారు. మంత్రిగారు సాయంత్రం వచ్చి స్వయంగా రాజీ కుదర్చాలని కార్యక్రమంలో ఉందని, ఆయన రాకముందే రాజీ పడటం ప్రోటోకాల్‌కు విరుద్ధమని బోధించారు. ఇద్దరూ అర్థంకానట్టు చూశారు. అప్పుడాయన గొంతు తగ్గించి, పైనవాళ్ళకు కోపం వస్తే తనను ఏ మారుమూలకో బదిలీ చేస్తారని, కూతురు ఈ ఏడు పదో తరగతి అని చెప్పారు. మునెమ్మకు జాలి కలిగింది. మంత్రిగారు వచ్చేదాకా పోట్లాడుకోవడానికి ఇద్దరూ ఒప్పుకున్నారు.

మంత్రిగారు పొద్దుగూకాక వచ్చారు. అప్పటికి పోట్లాట కరువు తీరా జరిగింది. మధ్యలో ఇద్దరికీ నవ్వొచ్చింది. కారు అద్దం ప్రస్తావన వచ్చినప్పుడు మాత్రం నిజంగానే కోపాలొచ్చాయి. మునిశేఖర్‌గారు వెనక నిలబడి, మునెమ్మకు ఇంకొంచెం గట్టిగా అని సైగ చేస్తూ ఉన్నారు. మంత్రిగారు చెయ్యెత్తగానే హాలు నిశ్శబ్దమైంది. ఆ ఒక్క చేతికి అంత శక్తి ఉందని మేము అదే రోజు చూశాం.

ఇద్దరి బాధా తన బాధేనన్నారు మంత్రిగారు. చేపల సంరక్షణ పథకం కింద పల్లెవాళ్ళకు మరింత సన్నకన్ను వలలు ఉచితమన్నారు. గాలాలవాళ్ళకు సరిగ్గా మొగ మీదే కాంక్రీటు వంతెన కట్టించి, కుర్చీలు, గొడుగులు వేయిస్తామన్నారు.

మునెమ్మ లేచి నిలబడింది.

"మాకు అవేమీ వద్దు సార్. ఆ చోటును కొన్నాళ్ళు ఇడిసిపెడితే చాలు. మేమిద్దరం ఒప్పుకున్నాం."

మంత్రిగారు ఆప్యాయంగా నవ్వారు.

"భయపడొద్దు తల్లీ. నేనుండగా నిన్ను చేపలు పట్టకుండా ఎవరూ ఆపలేరు."

చప్పట్లు చాలాసేపు మోగాయి. ఫకృద్దీన్ నేలచూపులు చూశాడు. మా పత్రిక 'చేపకు అభయం' అని శీర్షిక పెట్టింది.

అన్నమాట ప్రకారం వలలు వచ్చాయి. వంతెన కూడా లేచింది. మునెమ్మ ఆ వలల మూటల్ని విప్పనీయకుండా సంఘం షెడ్డులో పెట్టించింది. ఫకృద్దీన్ తన దుకాణం నుంచి మంచి తాళం పంపాడు. దానివల్ల ఇద్దరూ మాటలు పడ్డారు. మునెమ్మ భర్త కొన్నాళ్ళు ఆమెతో మాట్లాడలేదు. పట్నపాయనతో కలిసి పల్లె పొట్ట కొడుతోందని ఆడవాళ్ళే అన్నారు. గాలాల సంఘంలో సగంమంది విడిపోయి వేరే సంఘం పెట్టుకున్నారు. కానీ వాళ్ళు కూడా మొగ జోలికి రాలేదు. ఫకృద్దీన్ ఒక్కొక్కరి ఇంటికీ వెళ్ళి బతిమాలాడని తర్వాత తెలిసింది.

వానలు పడి ఏరు కదిలాక ఒకరోజు మునెమ్మ అతనికి ఫోన్ చేసింది. నేనూ అతని కార్లో వెళ్ళాను. మొగ దగ్గర లోతులేని నీళ్ళలో వేలెడేసి పండుగప్ప పిల్లలు గుంపులు గుంపులుగా తిరుగుతున్నాయి. నీళ్ళే కదులుతున్నట్టుంది. ఫకృద్దీన్ చెప్పులు విడిచి అంచున కూర్చున్నాడు. చేతిలో గాలం లేకుండా అతన్ని చూడటం నాకు అదే మొదలు. మునెమ్మ భర్త కూడా వచ్చి పక్కన నిలబడ్డాడు. తర్వాత, ఇంతింత గుంపు సూసి ఎన్నాళ్ళయిందో అని ఆమెతోనే అన్నాడు.

అప్పుడే మునిశేఖర్‌గారి జీపు వచ్చింది. వెనకాల సిబ్బంది వ్యాను. ఆయన ముఖం వాడిపోయి ఉంది. పైన సమీక్ష జరిగిందని, చేపల సంరక్షణ పథకం కింద ఇంతవరకు ఎన్ని చేపలు పట్టారని అడిగారని, ఒక్కటీ పట్టలేదంటే పథకం విఫలమైందని మంత్రిగారు బాధపడ్డారని చెప్పారు. ఈ వారమే ఆయన వంతెనను చూడటానికి వస్తున్నారు. అంతకుముందే ఏదో ఒకటి పట్టి చూపించాలి. కాస్త వల వెయ్యమని మునెమ్మను అడిగారు.

"మీకోసమని అరిచినాం సార్. పట్టమంటే మాత్రం మాతో కాదు" అంది మునెమ్మ.

ఆయన బలవంతపెట్టలేదు. శాఖ బాధ్యతను శాఖే నెరవేర్చాలని సిబ్బందికి చెప్పారు. వ్యానులోంచి కొత్త గాలాలు దిగాయి. 'చేపను బతకనిద్దాం' అనే బ్యానరు వంతెనకు కట్టారు. గుమాస్తాలు గొడుగుల కింద వరసగా కూర్చున్నారు. మునిశేఖర్‌గారు ప్యాంటు పైకి మడుచుకుని చివరి కుర్చీలో కూర్చున్నారు. ఎర కోసం ఇచ్చిన రొయ్యను అటూ ఇటూ తిప్పి చూసి, ఎవరికీ వినపడకుండా ఫకృద్దీన్‌ను అడిగారు.

"భాయ్, దీన్ని తల కాడ గుచ్చాల్నా, తోక కాడ గుచ్చాల్నా?"