నాలుగు కుబుసాలు, ఒక బొద్దింక కాలు

గురువారం పొద్దున ఉదయలక్ష్మి వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏడింటికి తలస్నానం, ఎనిమిదింటికి ఇడ్లీ, పదింటికి అమీర్‌పేట హాస్టల్ గేటు దాటి, ఎవరి కంటా పడకుండా నడుచుకుంటూ పదకొండుకల్లా పంజాగుట్ట చేరడం. అక్కడ రామకృష్ణ గారని పురుగుల మీద పరిశోధన చేసే పెద్దాయన ఉన్నారు. నల్లమల అడవిలో కీచురాళ్ళ సర్వేకి మనుషుల్ని తీసుకుంటున్నారు. "నాలుగు కుబుసాలు ఏరుకొచ్చి, అవి ఏ జాతివో నువ్వే చెప్పు. చెప్పగలిగితే సోమవారం వ్యాను ఎక్కు" అన్నారాయన. చెప్పలేకపోతే అదే సోమవారం కోచింగ్ సెంటర్లో జావా అనే కంప్యూటర్ క్లాసులో కూర్చోవాలి. మామయ్య అప్పుడే సీటు కూడా రాయించేశాడు.

కీచురాయి మట్టిలోంచి పైకొచ్చి, చెట్టెక్కి, పాత ఒంటిని చొక్కాలా విడిచేసి ఎగిరిపోతుంది. ఆ ఖాళీ చొక్కానే కుబుసం. ముందుకాలి తొడ మీద పళ్ళెన్ని, మీసంలో కణుపులెన్ని అని చూసి అది ఎవరి చొక్కానో చెప్పవచ్చు. ఉదయలక్ష్మి పదిరోజులు హాస్టల్ పెరడంతా తిరిగి నాలుగు రకాలు సంపాదించింది. కాజాల అట్టపెట్టెలో దూది పరిచి వాటిని పడుకోబెట్టింది. కోచింగ్ సెంటర్ల వాళ్ళు పంచే కరపత్రాలు కత్తిరించి, వెనకవైపు తేదీ, చోటు రాసి చీటీలు పెట్టింది. "జూన్ 6, వంటింటి వెనక." "జూన్ 9, వంటింటి కిటికీ." ఆ హాస్టల్లో ఉన్న ఒక్క వేపచెట్టూ వంటింటి వెనకే ఉంది మరి.

ఈ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. అసలు ఆమె ఎవరికీ ఏదీ చెప్పదు. ఉప్పు అడగడానికి మొహమాటపడి చప్పిడి కూర తిని లేచిపోయే రకం.

తలస్నానం చేసి వచ్చేసరికి, అదే గదిలో ఉండే షెర్లిన్ జడపిన్నులు వెతుకుతూ ఆ పెట్టె తెరిచి చూస్తోంది.

"గివన్నీ యాడ దొరికినయే?"

"ఇక్కడే."

"ఏం జేస్తవ్ వీటిని?"

"పంజాగుట్టలో ఒక సారుకి చూపించాలి."

ఇందులో ఒక్క అబద్ధం లేదు. షెర్లిన్ చీటీలు ఇంకోసారి చదివింది. "తేదీలేసి మరీ దాచిపెట్టినవ్ గదనే. మస్తు ధైర్యం నీకు. రెండేండ్ల సంది తింటనే ఉన్నం, ఒక్కదానికి సుత గీ తెలివి రాలే."

ఉదయలక్ష్మికి ఏమీ అర్థం కాలేదు. అడగడానికి సిగ్గేసి నవ్వింది. ఆ నవ్వే కొంప ముంచింది.

పావుగంటలో మూడంతస్తులకూ కబురు పాకింది. ఉదయలక్ష్మి అన్నంలో వచ్చిన పురుగుల్ని తేదీలతో సహా దాచి, పంజాగుట్టలో ఫుడ్ ఇన్‌స్పెక్టరుకు అప్పగించబోతోందట. పై అంతస్తు కమలకుమారి ఒక అగ్గిపెట్టె తెచ్చి చేతిలో పెట్టింది. "శనివారం సాంబారులోదక్కా. బొద్దింక కాలు. ఇద్దరు సాక్షులున్నారు." ఇంకో అమ్మాయి బియ్యం పురుగుల్ని పొట్లం కట్టి తెచ్చి దండం పెట్టింది. ఇది అది కాదని చెప్పాలంటే కనీసం నాలుగు వాక్యాలు కావాలి. ఉదయలక్ష్మి దగ్గర అంత సరుకు లేదు. అన్నీ పుచ్చుకుని అదే పెట్టెలో పెట్టుకుంది.

ఆ పూట ఇడ్లీ బదులు జీడిపప్పు ఉప్మా వచ్చింది. ఆ హాస్టల్ చరిత్రలో జీడిపప్పు కనబడటం అదే మొదలు. వెనకాలే యజమానురాలు జ్ఞానకుమారి గారు స్వయంగా గదికి వచ్చి మంచం అంచున కూర్చున్నారు.

"నాకొక్క మాట జెప్తే అయిపోవు గద బిడ్డా. ఇన్‌స్పెక్టర్ దాంక ఎందుకు?"

"అవి వంటలోవి కాదండీ. చెట్టుమీదవి."

జ్ఞానకుమారి గారి కళ్ళు చెమ్మగిల్లాయి. "చూసినవా షెర్లిన్, నాకు తిప్పలు రావద్దని అబద్ధం సుత ఆడుతుంది. ఎంత మంచి పిల్ల. నడువు, నేను సుత వస్త. ఆ సారుతోని నేనే మాట్లాడుత."

పదిన్నరకు ముగ్గురూ ఆటో ఎక్కారు. సాక్ష్యానికి షెర్లిన్, సారు కోసం కోడికూర క్యారియరు, మధ్యలో ఇరుక్కుని ఉదయలక్ష్మి. పెట్టె మాత్రం జ్ఞానకుమారి గారి ఒళ్ళో ఉంది, ఎవరడిగినా ఇవ్వలేదు. పంజాగుట్ట చౌరస్తాలో బస్సు అడ్డం వచ్చి ఆటో గక్కున ఆగింది. పెట్టె ఎగిరింది. కుబుసాలు, కాలు, పురుగులు అన్నీ కాళ్ళకింద పడ్డాయి. చీటీలు గాలికి రోడ్డెక్కి, అక్కడ అప్పటికే పరుచుకుని ఉన్న వందల కరపత్రాల్లో కలిసిపోయాయి.

"అన్నా, జర కాలు కదపకు" అని డ్రైవరును ఆపి, షెర్లిన్ వంగి ఒక్కొక్కటే వేళ్ళ కొసలతో ఏరి పెట్టెలో వేసింది.

ఆఫీసు గదిలో రామకృష్ణ గారు "రండి" అనేలోపే జ్ఞానకుమారి గారు మొదలుపెట్టారు. "సార్, పదేండ్ల సంది ఆడపిల్లలకు వండిపెడుతున్న. తప్పుంటే రాసుకోండ్రి గానీ హాస్టల్ మాత్రం మూయకండ్రి."

"మూయడానికి నేనెవర్నమ్మా?"

ఇలాంటి మాట తరవాత ఏం చెయ్యాలో ఆవిడకు తెలుసు. క్యారియరు మూత తీశారు.

గోడ గడియారంలో పదకొండు దాటి పది నిమిషాలైంది. రామకృష్ణ గారు ఒకసారి కోడికూర వైపు, ఒకసారి గడియారం వైపు చూసి, కుర్చీలోంచి లేవబోయారు. ఆయన లేస్తే సోమవారం జావాయే. ఉదయలక్ష్మి గొంతు ఎక్కడినుంచి వచ్చిందో ఆమెకే తెలియదు.

"ఇద్దరూ కాస్త కూర్చోండి. ముందు నేను చెప్పేది వినండి."

ఇద్దరూ కూర్చున్నారు. ఆమె పెట్టెను బల్ల మీద బోర్లించి, భూతద్దం అందుకుని, ఒక్కొక్కటీ ఎత్తి చూపించింది. ఏ తొడ మీద ఎన్ని పళ్ళు, ఏ మీసంలో ఎన్ని కణుపులు, పొట్టకింద గుడ్లు పెట్టే గొట్టానికి ఒర ఉన్న ఆడది ఏది, ఏది ఏ జాతి. ఆటోలో అవి పడిపోతే షెర్లిన్ ఏరిన సంగతితో సహా అంతా గుక్క తిప్పుకోకుండా చెప్పింది. "ఇది మాత్రం బొద్దింక కాలు. ఇది నాది కాదు, సాంబారుది."

"అంటే మిగతయి నిజంగనే చెట్టుమీదయా?" అన్నారు జ్ఞానకుమారి గారు నీరసంగా. "పొద్దున అర్ధకిలో జీడిపప్పు పోయించిన గదనే."

రామకృష్ణ గారు నవ్వారు. "నాలుగూ సరిగ్గా చెప్పావమ్మా. సోమవారం బయల్దేరు. ఊరూరా జనాన్ని కూర్చోబెట్టి ఈ పురుగుల సంగతి చెప్పే మనిషి కోసం మూడు నెలలుగా వెతుకుతున్నాను. ఇలా నోళ్ళు మూయించి వినిపించేవాళ్ళు ఎక్కడా దొరకలేదు."

"మరి కుబుసాలు ఏరే పని..." ఆమె గొంతు మళ్ళీ లోపలికి పోయింది.

ఆయన అప్పటికే షెర్లిన్ వైపు తిరిగారు. ఆ పిల్ల బోర్లించిన కుబుసాల్ని జడపిన్నుతో నెమ్మదిగా సర్ది దూదిలో పెడుతోంది. "ఇన్ని దెబ్బలు తిన్నా ఒక్క కాలు కూడా విరగలేదు. ఏరింది నువ్వేనామ్మా? మా వెంట వస్తావా?"

"వస్త సార్. జావా రెండుసార్లు కూసున్నా ఎక్కలే."

సోమవారం వ్యాను కదిలేటప్పుడు కుబుసాల పెట్టె షెర్లిన్ ఒళ్ళో ఉంది, ఉదయలక్ష్మి ఒళ్ళో మైకు ఉంది.