చిన్న క్యాసెట్, పెద్ద పందెం

లెక్కల మాస్టారు పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో పెళ్ళాం మీద ఎన్నిసార్లు గెలిచాడో లెక్కపెట్టడానికి ఒక చెయ్యి చాలు. అందులోనూ వేళ్ళు మిగులుతాయి. ఎన్ని మిగులుతాయని ఎవరైనా అడిగితే ఆయన మాట మారుస్తాడు. ఆవిడ మాత్రం "ఐదు" అంటుంది.

ఆవిడ పళ్ళ డాక్టరు. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు దాకా ఊళ్ళోవాళ్ళ నోళ్ళలోకి తొంగి చూడటమే ఆవిడ పని. ఇంటికొచ్చాక మాస్టారు నోరు తెరవబోతే, "మూసెయ్యండి, ఇవాల్టికి చాలు" అంటుంది.

ఇద్దరికీ చెరో రేసు సైకిలు ఉంది. ఒకే కంపెనీవి, వెనక పదకొండేసి గేర్లవి. ఆదివారం పూట ఊరి చివర ఎత్తురోడ్డెక్కి, పైన ఉన్న అత్తగారింటికి వెళతారు. నిజం చెప్పాలంటే ఆవిడ వెళుతుంది, మాస్టారు ఎలాగోలా చేరుకుంటాడు. ఆయన రొప్పుతూ గేటు దగ్గర దిగేసరికి ఆవిడ టీ తాగి, కప్పు కడిగి బోర్లించి ఉంటుంది.

"దారిలో ఎవరైనా తెలిసినవాళ్ళు ఆపేశారా అల్లుడుగారూ?" అని అత్తగారు ఎంతో అమాయకంగా అడుగుతుంది.

ఇలా ఉండగా, పాత పరుపులూ విరిగిన పెట్టెలూ అవతల పారేయడంతో ఇంట్లో కిటికీ గది ఒకటి ఖాళీ అయింది. మాస్టారు ఆ గదిని సైకిళ్ళ వర్క్‌షాపు చేద్దామనుకున్నాడు. గోడకి స్పానర్లు ఎక్కడ తగిలించాలో పెన్సిల్‌తో గుర్తులు కూడా పెట్టుకున్నాడు.

"ఆ గది నాక్కావాలి" అంది భార్య.

"ఏం పెడతావు అందులో?"

"ఒక కుర్చీ."

"ఇంకా?"

"ఇంకేం లేదు. తలుపేసుకుని కూర్చుంటా. ఎవరూ నోరు తెరవని చోటు ఈ భూమ్మీద నాకొకటి కావాలి."

ఒక్క కుర్చీ కోసం గదంతా ఇవ్వడం మాస్టారికి మహా అన్యాయంగా తోచింది. నెల రోజులు వాదించాడు. వాదించిన కొద్దీ ఆవిడకి గది అవసరం ఇంకా పెరిగింది.

ఒక సాయంత్రం ఆయన వరండాలో పిల్లల నోటు పుస్తకాలు దిద్దుతున్నాడు. లోపల ఆవిడ ఫోన్లో మాట్లాడుతోంది.

"బలమూ లేదు, బూడిదా లేదమ్మా. నా సైకిలుకి వెనక ఉన్న క్యాసెట్ చిన్నది, అంతే. ఆయనది పళ్ళెమంత ఉంటుంది. ఈ సంగతి ఆయన చెవిన పడిందా, ఇక నా పని అయినట్టే!"

మాస్టారి చేతిలో ఎర్ర కలం ఆగిపోయింది. వెంటనే వెళ్ళి రెండు సైకిళ్ళ వెనకా గొంతుక్కూర్చున్నాడు. వెనక చక్రానికి దొంతరగా పేర్చినట్టుండే పళ్ళ బిళ్ళలనే క్యాసెట్ అంటారు. ఆవిడ దొంతరలో అన్నిటికన్నా పెద్ద బిళ్ళకి ఇరవై ఐదు పళ్ళు. తనదానికి ముప్ఫై నాలుగు. రెండుసార్లు లెక్కపెట్టాడు.

తొక్కేటప్పుడు ముందువైపు చిన్న బిళ్ళకి మారిస్తే కాళ్ళకి తేలికవుతుందని ఆయనకి అనుభవమే. కాబట్టి వెనకవైపు కూడా చిన్నదైతే ఇంకా తేలికవుతుందని తేల్చాడు. ఆరో తరగతి పిల్లాడు ఇలాంటి నిరూపణ రాస్తే ఆయనే గుండు సున్నా వేసేవాడు. ఇది తన బుర్రలో పుట్టింది గనక నూటికి నూరు వేసుకున్నాడు.

ఆ పూట భోజనాల దగ్గర ఊరకే అన్నట్టుగా అన్నాడు.

"ఏమోయ్, ఈ గది గొడవ పందెంతో తేల్చేద్దామా? ఆదివారం అత్తయ్యగారి గేటు ఎవరు ముందు ముట్టుకుంటే గది వాళ్ళది."

"ఎందుకండీ, మీకు శ్రమ."

"భయమా?"

"భయమే. మీ మోకాళ్ళ గురించి."

"ఓడినవాళ్ళు జన్మలో మళ్ళీ ఆ గది ఊసెత్తకూడదు."

"అయితే కాగితం మీద రాసుకుందాం" అని ఆవిడ కంచం పక్కనున్న కాగితం, కలం ఆయన ముందుకి జరిపింది. అన్నం తినేచోటికి కాగితం, కలం ఎందుకొచ్చాయని ఆలోచించాల్సిన మనిషి, ఎడంచేత్తో సంతకం గీకేశాడు.

శనివారం ఒంటిపూట బడి అయిపోగానే సైకిలు షాపుకి పరుగెత్తాడు.

"పెద్దాయనా, క్యాసెట్ ఊడదీసే పనిముట్లు ఒక పూటకి కావాలి."

షాపు పెద్దాయన వెతక్కుండానే బల్ల కింద నుంచి సంచీ తీసి ఇచ్చాడు.

"ఒక మాట వినండి మాస్టారూ. క్యాసెట్ ఒక్కటే మారిస్తే కుదరదు. వెనక చైనుని ఒక బిళ్ళ మీంచి ఇంకో బిళ్ళ మీదికి నెడుతుందే, ఆ వేలాడే డీరైలర్, దానికీ దీనికీ జోడీ కుదరాలి. మీది పొడుగు కాలు డీరైలర్. పెద్ద క్యాసెట్ కోసం చేసింది. చిన్న క్యాసెట్ కింద అది ఎక్కడో దూరంగా వేలాడుతుంది, గేరు మొరాయిస్తుంది. చిన్నదానికి పొట్టి కాలుదే నప్పుతుంది."

"ఇరవై ఏళ్ళుగా లెక్కలు చెబుతున్నానయ్యా నేను."

"తెలుసు సార్. అందుకే విడమర్చి చెబుతున్నా."

ఆవిడ క్లినిక్‌కి నడిచి వెళ్ళింది. ఎందుకు నడిచి వెళ్ళిందో మాస్టారు అడగలేదు. దేవుడే సైకిలు ఇంట్లో ఉంచాడనుకుని పని మొదలెట్టాడు. ఆవిడ చిన్న క్యాసెట్ తన సైకిలుకి, తన పెద్ద క్యాసెట్ ఆవిడ సైకిలుకి బిగించాడు. పెడలు తిప్పి చూస్తే పెద్దాయన చెప్పిందే నిజమైంది. తన సైకిలుకి మీట ఒకసారి నొక్కితే గేరు పడలేదు, మళ్ళీ నొక్కితే రెండు కలిపి పడ్డాయి. ఆవిడ సైకిలు పరిస్థితి ఇంకా ఘోరం. పొట్టి డీరైలర్ పెద్ద బిళ్ళకి రాసుకుని, కత్తికి సాన పెడుతున్నట్టు అరిచింది.

అలా అరిస్తే దొంగతనం బయటపడిపోదూ? అందుకని డీరైలర్లు కూడా మార్చాడు. అవి మార్చాక చైన్లు పొడుగూ పొట్టీ అయ్యాయి. చైన్లూ మార్చాడు. ఇక అంతా అయ్యాక తన సైకిలుని ఐదు నిమిషాల్లో ముగించి, ఆవిడ సైకిలు దగ్గర మాత్రం గంటన్నర కూర్చున్నాడు. ఆవిడకి అనుమానం రాకూడదు కదా! స్క్రూలు వెంట్రుకవాసి తిప్పుతూ, తీగ బిగిస్తూ, నూనె చుక్కలేస్తూ, గేర్లు పదకొండూ వెన్నలా పడేదాకా వదల్లేదు.

సాయంత్రం ఆవిడ వచ్చి సైకిలు వంక చూసింది.

"ఏవండీ, నా సైకిలు వెనకాల కాస్త ఒళ్ళు చేసినట్టు లేదూ?"

"దుమ్ము తుడిచా. మెరిసేసరికి పెద్దగా కనిపిస్తోంది."

"తుడిస్తే పళ్ళు కూడా పెరుగుతాయా? మా క్లినిక్‌లో ఎవరికీ పెరగలేదే" అని ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది.

ఆదివారం పొద్దున చదును రోడ్డు మీద మాస్టారు రాజాలా ముందున్నాడు. వెనక్కి తిరిగి చూసి చెయ్యి కూడా ఊపాడు. కిటికీ గదిలో స్పానర్లు తళతళలాడుతూ కళ్ళముందు కనిపించాయి.

అంతలో ఎత్తు మొదలైంది. మాస్టారు గేరు మీట నొక్కాడు. తేలికయింది. ఇంకోసారి నొక్కాడు. కాస్త తేలికయింది. ఇంకోసారి నొక్కాడు. మీట కదల్లేదు. ఉన్న బిళ్ళలన్నీ అయిపోయాయి, ఎత్తు మాత్రం ఇంకా బోలెడు మిగిలింది. మోకాళ్ళు కిర్రుమన్నాయి. సైకిలు నిలబడాలా పడిపోవాలా అని ఆలోచిస్తున్నట్టు ఊగింది.

పక్కనుంచి ఆవిడ వచ్చింది. టక్కుమని గేరు మార్చింది. అది పడిన తీరు చూసి, అదంతా తన చేతి పనితనమేనని మాస్టారి ఛాతీ ఒక్క క్షణం ఉప్పొంగింది కూడా.

"వెళ్ళొస్తానండీ" అని చెప్పి ఆవిడ కూనిరాగం తీస్తూ పైకి పోయింది.

అప్పుడు ఆ ఎత్తు మధ్యలో మాస్టారికి భిన్నాలు గుర్తొచ్చాయి. ముందు పళ్ళు లవం, వెనక పళ్ళు హారం. హారం తగ్గితే విలువ పెరుగుతుంది, బరువూ పెరుగుతుంది. ఏటా జూన్‌లో బల్ల గుద్ది మరీ చెప్పే పాఠం! దిగి సైకిలు నెట్టుకుంటూ నడిచాడు. పాల వ్యాను డ్రైవరు ఆగి, "పంక్చరా మాస్టారూ?" అని జాలిగా అడిగాడు. అవునన్నాడు.

ఆయన చేరేసరికి తల్లీకూతుళ్ళు గేటు దగ్గర కుర్చీలు వేసుకుని కూర్చున్నారు.

"మూణ్ణెల్ల నుంచీ నాకూ మోకాలు నొప్పేనండీ" అంది భార్య. "పెద్ద క్యాసెట్ వేయమని షాపులో అడిగా. దాంతోపాటు డీరైలరూ చైనూ అన్నీ మార్చాలి, చేతినిండా పనుంది, నెలాఖరు దాకా ఆగమన్నాడు పెద్దాయన. అక్కర్లేదు, శనివారం మావారు వస్తారు, సంచీ ఇచ్చి పద్ధతి చెప్పండి చాలన్నా."

మాస్టారు గేటు పట్టుకుని నిలబడ్డాడు.

"అయితే ఆ రోజు అత్తయ్యగారితో ఫోన్లో..."

"నాకు ఫోనెప్పుడొచ్చింది అల్లుడుగారూ?" అంది అత్తగారు. ఈసారి అమాయకత్వం అసలైనదే.

"నాది నాకిచ్చెయ్. మళ్ళీ మార్చేసుకుంటా."

"అంత శ్రద్ధగా చేసిన పని పాడు చేస్తానంటే నేనూరుకోను" అంది భార్య.

సిగ్గుతో మాస్టారి చెవులు ఎర్రబడ్డాయి. నవ్వు కూడా వచ్చింది. ఎక్కువ ఏదొచ్చిందో తేల్చుకోలేక టీ అడిగాడు.

ఆ మధ్యాహ్నం గోడ మీద పెన్సిల్ గుర్తులు తనే చెరిపేసి, కుర్చీ తనే మోసుకొచ్చి కిటికీ పక్కన వేశాడు. ఆవిడ కూర్చుని, చెప్పులు వదిలేసి, కళ్ళు మూసుకుంది. పనీ పాటా లేకుండా ఆవిడ కూర్చోవడం చూసి ఎన్నాళ్ళయిందో ఆయనకి గుర్తురాలేదు. ఆ గది కోసం నెల రోజులు వాదించినందుకు లోపల కాస్త కలుక్కుమంది. చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి వేశాడు.

"ఏవండీ" అని లోపల్నుంచి వినిపించింది. "ఈ కుర్చీ కాలు ఊగుతోంది."

"ఉండు, స్పానరు తెచ్చి ఒక్క నిమిషంలో బాగు చేసేస్తా!"

"వద్దు. పక్కింటివాళ్ళ కుర్చీ కాలు తెచ్చి వేస్తారు మీరు."